నబీసా బండ

తన ఇంటి ముందు నుంచి మూడు నెలల కిందట మాయమైన బండను రిహానా కర్నూలులో, ఒక అద్దం కింద చూసింది.

నిజానికి ఆమె ముందు గుర్తుపట్టింది బండను కాదు, దాని మీది వంకరను. కొత్త రంగు వాసన ఇంకా వదలని ఆ హోటల్లో, నడిమధ్యన, నాలుగు ఇనుప కాళ్ళ మీద బల్లలాగా నిలబెట్టిన నల్లటి నాపరాయి. పైన మందపాటి అద్దం. అద్దం కింద పులిమేక ఆట గీతలు. కొన దగ్గర కలిసి కిందికి విచ్చుకునే గీతలు, వాటిని కోసే అడ్డగీతలు, అవి కలిసిన చోటల్లా ఒక గుంట, మొత్తం ఇరవై మూడు. ఇలాంటి గీతలు సీమలో ఏ గుడి మెట్ల మీద చూసినా, ఏ దర్గా అరుగు మీద చూసినా ఉంటాయి. కానీ ఈ బండ మీద కుడివైపు చివరి గీత, రెండో అడ్డగీత దాటగానే, దారికి అడ్డంగా కూర్చున్న మనిషిని తప్పుకుని పోయినట్టు పక్కకు తిరిగి మళ్ళీ దారిన పడింది. ఆ వంకర లోకంలో ఒక్కచోటే ఉంది. కోయిలకుంట్లలో, దూదేకుల వీధిలో, జేజి అని తను పిలిచే నాయనమ్మ నబీసా వాకిట్లో.

"ఎట్లుంది చెల్లెమ్మా మన అడ్డా?" అంటూ వచ్చాడు భూపేష్.

ఆ హోటలు అతనిదే. కర్నూలు శివార్లలో స్థలాలు కొని మేడలు కట్టే కుటుంబం. కాఫీ తాగుతూ పాతకాలపు ఆటలు ఆడుకునే చోటొకటి పెట్టాలని అతనికి బుద్ధి పుట్టింది. 'పులిమేక అడ్డా' అని పేరు పెట్టుకున్నాడు. పనివాళ్ళకు పులిమేక గీతలున్న నల్ల టీషర్టులు ఇరవై కావాలని రిహానాకు చెప్పాడు. మాదిరికి ఒకటి చేసి చూపిద్దామని ఆమె పొద్దున్నే బస్సెక్కి వచ్చింది.

రిహానా బల్ల అంచుకు బిగించిన ఇత్తడి రేకు చదువుతోంది. 'పులిమేక బండ. సుమారు నూరేళ్ళ నాటిది. పేరు తెలియని పల్లె నుంచి తెచ్చినది. సేకరణ: భూపేష్.'

ఒకసారి చదివింది. నమ్మలేక మళ్ళీ చదివింది. పేరు తెలియని పల్లె! ఆ పేరు తెలియని పల్లెలో ఈ మనిషి రెండు గ్లాసుల టీ తాగాడు. అసలు కోయిలకుంట్ల పల్లె కూడా కాదు, మండల కేంద్రం. బస్టాండుంది, బస్సు డిపో ఉంది. అక్కడికి కారేసుకుని వచ్చి, బండ పక్కన గొంతుక్కూర్చుని, దాని మీద జేజితో ఆట ఆడి, ఓడిపోయి, నవ్వుకుంటూ వెళ్ళిన మనిషికి ఇప్పుడు ఊరి పేరు తెలియకుండా పోయింది.

ఆమె ఒళ్ళు మండింది. అందులో సగం మంట తన మీదే. ఎందుకంటే ఈ మనిషిని ఆ బండ దగ్గరికి తీసుకుపోయింది తనే.

రిహానా ఐదేళ్ళుగా బ్లీచ్ టీషర్టులు చేస్తోంది. మొదట్లో కుర్రాళ్ళు ఫోన్లలో ఆడుకునే ఆటల బొమ్మలు అడిగేవారు. తుపాకులు, హెల్మెట్లు, బాణాలు. చేసి ఇచ్చేది. తర్వాత ఆమెకు విసుగు పుట్టింది. ఊరంతా ఒకే తుపాకీని రొమ్ము మీద వేసుకుని తిరుగుతుంటే తన చేతిపని తనకే వెగటనిపించింది. మన వాకిళ్ళలో ఆడుకునే ఆటలకేమొచ్చింది అనుకుంది. వామనగుంటలు సంచుల మీద వేసింది. బారాకట్ట గళ్ళు చున్నీల అంచుకు దించింది. గవ్వలకు రంధ్రాలు చేసి తాళాల గుత్తులకు కట్టింది. అన్నింటికంటే ఎక్కువ అమ్ముడుపోయింది మాత్రం పులిమేక టీషర్టే.

దాని అచ్చు కోసం ఆమె పెద్ద కష్టమేమీ పడలేదు. నంద్యాలలో జేజికి తీయించిన ఛాతీ ఎక్స్‌రే ఒకటి గోడకు వేలాడుతుండేది. దాన్ని బ్లీచ్ కలిపిన వేడినీళ్ళలో నానబెట్టి రుద్దితే జేజి పక్కటెముకలన్నీ కరిగిపోయి, నీలంగా మెరిసే పలుచటి ఫిల్ము మిగిలింది. ఆ ఫిల్మును వాకిట్లో బండ మీద పరిచి, గీత గీతా, గుంట గుంటా పెన్నుతో దించుకుని, బ్లేడుతో కోసింది. గీతలన్నీ ఏకంగా కోస్తే మధ్య ముక్కలు ఊడిపోతాయి కాబట్టి అక్కడక్కడా సన్నటి వంతెనలు వదిలింది. వంకరను కూడా వదల్లేదు.

నల్ల నూలు టీషర్టు లోపల అట్ట పెట్టి, పైన ఫిల్ము బిగించి, బ్లీచ్ సగం నీళ్ళు సగం కలిపి సన్నగా చిమ్మితే చాలు. చూస్తుండగానే నల్లటి బట్ట మీద గీతలు ఇటుక రంగులో పైకి తేలతాయి. అది రంగు వేయడం కాదు, ఉన్న రంగును తీసేయడం. సరైన నిమిషంలో కడిగి, మందులషాపులో తెచ్చిన పెరాక్సైడు నీళ్ళలో ముంచాలి. ముంచకపోతే బ్లీచ్ పని ఆపదు. పదిహేను రోజుల తర్వాత బట్ట గీతల వెంబడే చిరుగుతుంది. రిహానా ఎప్పుడూ ఆ పని ఎగ్గొట్టలేదు.

"గీత వంకర పోయింది, చూసుకోలేదా?" అని కొనేవాళ్ళు అడిగేవారు. "మా బండ మీద అట్లే ఉండాది" అని ఆమె గర్వంగా చెప్పేది. నంద్యాల ఎగ్జిబిషన్‌లో భూపేష్‌కు కూడా అలాగే చెప్పింది. "బండ చూడొచ్చా?" అని అతను అడిగితే ఎగిరి గంతేసి పిలుచుకుపోయింది. జేజికి నీటికాసులు వచ్చి రెండు కళ్ళూ పోయి తొమ్మిదేళ్ళయిందని, అయినా ఆ బండ మీద వేళ్ళతో తడుముకుంటూ ఆడి వీధినంతా ఓడిస్తుందని గొప్పగా చెప్పింది. అతను ఫోటోలు తీసుకున్నాడు. "భలే ఉండాది" అన్నాడు.

ఆ తర్వాత వీధిలో కాలువ పని మొదలైంది. జయకుమార్ అనే కాంట్రాక్టరు మనుషులు వాకిళ్ళ ముందరి రాళ్ళన్నీ పెకలించారు. రిహానా నంద్యాల నుంచి సరుకు తెచ్చుకుని వచ్చేసరికి బండ ఉన్నచోట గుంత ఉంది. అడిగితే కాలువ కింద రాళ్ళతో కలిసిపోయి ఉంటుందన్నారు. స్టేషన్‌కు పోతే రాయి పోయిందని కంప్లైంటా అని నవ్వారు. జేజి మాత్రం ఆ రోజు నుంచి చింతగింజల మూట విప్పలేదు.

ఆమెకు పదిహేను చింతగింజలు పదిహేను మేకలు, మూడు గులకరాళ్ళు మూడు పులులు. మేకలతో పులులను కదలకుండా కట్టేస్తే గెలుపు. నిఖా అయి ఆ ఇంటికి వచ్చిననాటి నుంచి ఆ బండే ఆమె కూర్చునే చోటు, కాలక్షేపం, లోకం. కళ్ళు పోయాక వీధిలో వాళ్ళు ఆమె దగ్గరికి వచ్చేది ఆట కోసమే. ఆట లేకపోతే గుడ్డి ముసలమ్మ దగ్గర ఎవరికేం పని? రావడం మానేశారు. రిహానా అట్ట మీద దారాలు అతికించి ఇచ్చింది. "ఇది కదులుతాండాది" అని జేజి నెట్టేసింది. ఫిల్మునే ఇచ్చి చూసింది. అది వేళ్ళ కింద జారింది. మూడు నెలల్లో జేజి మాట తగ్గింది, తిండి తగ్గింది. అడిగితే "ఏముండాదిలే" అనేది.

ఇప్పుడు ఆ బండ ఇక్కడ, ఏసీ గదిలో, కాఫీ కప్పుల కోసం ఎదురుచూస్తోంది.

"ఈ బండ యాడిదన్నా?" అని అడిగింది రిహానా.

"దొరికింది. శానా పాతది."

ఆమె సంచిలోంచి ఫిల్ము తీసి అద్దం మీద పరిచింది. కొంచెం ఎడమకు జరిపింది. అంతే. కోసిన ప్రతి గీత కింద బండ గీత వచ్చి నిలిచింది. ఇరవై మూడు రంధ్రాల కింద ఇరవై మూడు గుంటలు. వంకర కింద వంకర.

హోటల్లో గ్లాసులు తుడుస్తున్న స్వర్ణలత అనే అమ్మాయి చేతిలో గుడ్డ ఆపి చూసింది. భూపేష్ కూడా చూశాడు. అతని ముఖంలో సిగ్గు కనిపిస్తుందేమోనని రిహానా ఎదురుచూసింది. కనిపించలేదు.

"చూడు చెల్లెమ్మా, నేనేమీ దొంగతనం చెయ్యలే. జయకుమార్ అమ్మినాడు, నేను కొన్నా."

"ఆయప్పదా అమ్మనీకి? మా జేజి బండ అని నీకు తెల్దా? దాని మీద ఆమెతో ఆట ఆడితివి గదా. ఆమెకు కండ్లు లేవని చూస్తివి గదా!"

"ఆవేశపడొద్దు. మీరు దాని మీద బట్టలుతుకుతాంటిరి. చెప్పుల కాళ్ళతో తొక్కుతాంటిరి. ఈడ అద్దం కింద పెట్టినా. ఎంతమంది చూస్తారు! నేను కాపాడినా దాన్ని. నువ్వు సంతోషపడాల."

తిడితే ఓర్చుకోవచ్చు. దొంగిలించాను, ఏం చేసుకుంటావో చేసుకో అన్నా ఓర్చుకోవచ్చు. ఇంట్లోంచి ఎత్తుకొచ్చి, కాపాడాను సంతోషపడు అనేవాడికి ఏ భాషలో జవాబు చెప్పాలి?

"అది వేరు, ఇది వేరు" అన్నాడు భూపేష్, ఆమె తెచ్చిన మాదిరి టీషర్టును వెలుగులో ఎత్తి చూస్తూ. "పని భలే ఉండాది. వెనక తట్టు మా అడ్డా పేరు రావాల. ఆదివారం పొద్దున ఓపెనింగు. ఆ పొద్దు తెల్లారేసరికి ఇరవై నా చేతిలో ఉండాల."

ఇంటికి పోయేదాకా బస్సులో ఆమె మనసు మనసులో లేదు. కిటికీ బయట నల్లరేగడి చేలు ఎండకు నెర్రెలిచ్చి ఉన్నాయి. వాటిని చూసినా కోపమే వచ్చింది.

జేజికి అంతా చెప్పింది. ఆమె ఏడుస్తుందనుకుంది, శాపనార్థాలు పెడుతుందనుకుంది. నబీసా మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది.

"అద్దం కింద పెట్టినాడా?" అంది. "అద్దం కింద పెడితే ఆడేదెట్ల మే?"

"ఆడనీకి గాదు జేజి. చూడనీకి."

"చూడనీకి ఏముండాది దాంట్లో?" అంది నబీసా. ఆ మాట ఆమె నిజంగానే అర్థం కాక అడిగింది.

టీషర్టులు చేయనని ఫోన్ చేద్దామా అనుకుంది రిహానా. చేయకపోతే అతనికి పోయేదేముంది, ఇంకొకడు అచ్చు వేసి ఇస్తాడు. రెండో రోజు ఇంకొక ఆలోచన వచ్చింది. పెరాక్సైడులో ముంచకుండా ఇచ్చేస్తే? ఓపెనింగు అయిన పదిహేను రోజులకు ఇరవై రొమ్ముల మీద ఇరవై పులిమేకలు పీలికలవుతాయి. ఆ ఆలోచన ఆమెకు ఒక పూట తియ్యగా ఉంది. సాయంత్రానికి చేదెక్కింది. చిరిగిన బట్టలతో నిలబడేది భూపేష్ కాదు, గ్లాసులు తుడిచే స్వర్ణలత. పైగా పని చెడగొట్టి పగ తీర్చుకుంటే తన పనికి విలువేముంది? తిక్కగా తల విదిలించుకుని పెరాక్సైడు సీసా తీసి ముందు పెట్టుకుంది.

ముందువైపు అతను చెప్పినట్టే చేసింది. వెనకవైపు 'పులిమేక అడ్డా' అని అతను చెప్పినట్టే వేసింది. అక్కడ చేయి ఆగింది. పేరు కింద జానెడు నలుపు ఖాళీగా ఉంది. ఆ నలుపునే చూస్తూ చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి ఇంకో పాత ఎక్స్‌రే కడిగింది.

అక్షరాలు కోయడం గీతలు కోసినంత తేలిక కాదు. తెలుగులో సున్నాలెక్కువ. ప్రతి సున్నా నడుమ ముక్క రాలిపోకుండా వంతెన వదలాలి. శుక్రవారమంతా కోసింది. శనివారమంతా చిమ్మింది, కడిగింది, ముంచింది, ఆరేసింది. పెరట్లో తీగ మీద ఇరవై టీషర్టులు వీపులు చూపిస్తూ వేలాడాయి. ఒక్కొక్క వీపు మీదా అడ్డా పేరు కింద ఇటుక రంగులో రెండు వరుసలు:

ఈ బండ కోయిలకుంట్ల నబీసాది.
ఆమె ఇంకా ఆడుతుంది.

"ఏం రాసినావు?" అని అడిగింది జేజి. రిహానా చదివి వినిపించింది.

"రెండోది అబద్ధం గదా" అంది నబీసా.

"అబద్ధం కాకుండా చేయనీకే రాసినా. రేపు నువ్వు గూడా వస్తాండావు."

ఆదివారం పొద్దున కర్నూలులో అడ్డా ముందు ఆటో దిగి, జేజిని గోడ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, రిహానా సంచి తీసుకుని వంటింటి వైపు వెళ్ళింది. టీషర్టులన్నీ రొమ్ములు పైకి వచ్చేలా మడత పెట్టి ఉన్నాయి. స్వర్ణలత ఒకటి విప్పింది. తిప్పింది. పెదవులు కదుపుతూ చదివింది.

"ఆ బయట కూచున్నామె నబీసానా?" అని అడిగింది స్వర్ణలత.

"ఊ."

"సార్‌కు తెలుసా?"

"తెల్దు. నీకు ఇబ్బంది అయితాదంటే చెప్పు, అన్నీ తీసుకోని పోతా."

స్వర్ణలత వాకిలి వైపు చూసింది. తర్వాత టీషర్టు తల మీదుగా తొడుక్కుంది. "సార్ ఏమి తొడుక్కోమంటే అది తొడుక్కుంటాండాం. నాకేం తెలుసు?" అని మిగతావాళ్ళకు తలా ఒకటి పంచింది.

పది గంటలకు భూపేష్ తల్లి సుబ్బరత్నమ్మ రిబ్బను కత్తిరించింది. డెబ్భై దాటిన మనిషి, చేతికర్రతో నడుస్తుంది. పనివాళ్ళు వరుసగా నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్ళ ముందువైపు చూసి భూపేష్ మురిసిపోయాడు. ఫోటోలు తీశారు. తర్వాత కాఫీ తేవడానికి పనివాళ్ళందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు.

ముందు ఎవరో నవ్వారు. ఇంకెవరో ఫోన్ ఎత్తి ఫోటో తీశారు. సుబ్బరత్నమ్మ కళ్ళద్దాలు సర్దుకుని, స్వర్ణలత భుజం పట్టుకుని ఆపి, బడిపిల్లలా గట్టిగా చదివింది.

"ఈ బండ కోయిలకుంట్ల నబీసాది. ఆమె ఇంకా ఆడుతుంది." కొడుకు వైపు తిరిగింది. "ఎవరప్పా నబీసా?"

"అమ్మా, అది... తర్వాత చెప్తా."

"బండ ఈడ ఉంటే ఆమె యాడ ఆడుతుంది?"

గదంతా ఆ ప్రశ్న విన్నది. భూపేష్ ఈ మూల నుంచి ఆ మూలకు చూశాడు. గోడ పక్కన కుర్చీలో తెల్లటి కళ్ళతో, ఒళ్ళో చింతగింజల మూటతో కూర్చున్న మనిషి కనిపించింది. ఆమె పక్కన రిహానా. రిహానా చూపు తిప్పుకోలేదు. తిప్పుకోవాల్సింది తను కాదు.

జేజి లేచింది. రిహానా చేయి పట్టుకుని బల్ల దగ్గరికి నడిపించింది. నబీసా అరచేయి అద్దం మీద ఆనించింది.

"ఇది అద్దం" అంది. "నా బండ యాడ?"

అందరూ భూపేష్‌ను చూస్తున్నారు. ఫోన్లన్నీ అతని వైపే ఉన్నాయి. అతని మొహం నల్లబడి మాటలు తడబడితే చూడాలని రిహానా ఇన్ని రోజులుగా కోరుకుంది. అతను మాత్రం ఒక్క నిమిషంలో తేరుకున్నాడు. మైకు అందుకున్నాడు.

"మిత్రులారా, ఇది మీకు సర్‌ప్రైజుగా ఉంచాలనుకున్నా. మన సంస్కృతిని కాపాడిన నబీసా అవ్వకు ఈ బండను ఈరోజు మా అడ్డా తరఫున గౌరవంగా బహూకరిస్తున్నాం!"

చప్పట్లు. హోటలంతా చప్పట్లు. ఎవరో ఈల కూడా వేశారు. శాలువా తెచ్చి జేజి భుజాల మీద కప్పారు. బహూకరించడమట! ఆమె బండను ఆమెకే బహుమతిగా ఇచ్చి, దానికి చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు. రిహానాకు అరవాలనిపించింది. కానీ జేజి ఆమె చేయి గట్టిగా నొక్కింది.

"ఏదన్నా చెప్పుకోనీ. బండ ఇస్తాడంట గదా. మన దుడ్లేం పోతాండాయి?" అంది మెల్లగా.

మర్నాడు పేపర్లో అతని ఫోటో వచ్చింది, పెద్ద మనసున్న యువకుడని. రిహానా ఆ కాగితం చదివి, మడిచి, తర్వాతి టీషర్టు లోపల అట్ట మీద పరిచి, దాని మీద బ్లీచ్ చిమ్మింది. మామూలుగా అయితే పాత పేపర్లు వాడుతుంది. ఈసారి కొత్తదే వాడింది.

మంగళవారం చిన్న లారీలో బండ వచ్చింది. నలుగురు మనుషులు దించి, కాలువ మీద వాకిలి పక్కన పాతచోటికి చేర్చారు. వీధివాళ్ళంతా మూగారు. ఎండలో బండ అద్దంలాగా మెరుస్తోంది. అద్దం లేకపోయినా మెరుస్తోంది. రిహానాకు అప్పుడైనా అనుమానం రావాల్సింది. రాలేదు, సంతోషంలో ఉంది.

నబీసా గోడ పట్టుకుంటూ వచ్చి తన చోట కూర్చుంది. మూట విప్పింది. మూడు నెలల తర్వాత చింతగింజలు గలగలమన్నాయి. కుడిచేతి వేళ్ళు బండ మీద పెట్టి కొన నుంచి కిందికి జరిపింది. ఆపింది. మళ్ళీ కొన దగ్గరికి పోయింది. మళ్ళీ జరిపింది. ఒక గింజ పెట్టింది. అది నిలవకుండా జారి ఆమె ఒడిలో పడింది.

"ఇది నాది గాదు" అంది.

"నీదే జేజి. వంకర కనపడతాండాది, ఇదిగో ఈడ."

"నీకు కనపడతాంది. నాకేది?"

రిహానా కళ్ళు మూసుకుని బండ మీద వేలు పెట్టింది. నున్నగా ఉంది. గీత ఎక్కడుందో, గుంట ఎక్కడుందో వేలికి అందలేదు. గీతల నీడ మాత్రం రాతిలో మిగిలింది. లోతు లేదు.

అప్పటికప్పుడు భూపేష్‌కు ఫోన్ చేసింది.

"మిషన్ పాలిష్ కొట్టించినా, మెరుస్తాది గదా అని" అన్నాడు అతను ఉత్సాహంగా. "దానికి నేను ఏమీ అడగడంలేదులే చెల్లెమ్మా."

రిహానా ఫోన్ పెట్టేసింది. పెట్టేసి గోడకు చేరగిలబడి ఏడ్చింది. దుఃఖంతో కాదు, కోపం పట్టలేక. ఎత్తుకుపోయినవాడు అలాగే తిరిగి ఇచ్చినా సరిపోయేది. డెబ్భై ఏళ్ళ వేళ్ళు తిరిగిన లోతును ఒక పూటలో అరగదీసి, మెరుపు పూసి, శాలువా కప్పి పంపించాడు. చూసేవాళ్ళకు బండ మునుపటికంటే బాగుంది. ఆడేమనిషికి మాత్రం అది ఇప్పుడు ఉత్త రాయి.

జేజి గింజలు ఏరుకుని మూట కట్టబోయింది. ఆ చేతులను చూసేసరికి రిహానా ఏడుపు ఆగిపోయింది.

"కట్టొద్దు" అంది. "అట్లే కూచో. ఇప్పుడే వస్తా."

రోళ్ళకు, తిరగళ్ళకు గంట్లు కొట్టే ఓబుళేశు పాత బస్టాండు దగ్గర ఉంటాడు. మిక్సీలు వచ్చాక అతనికి పని తక్కువ. ఉలులు, సుత్తి సంచిలో వేసుకుని ఆమె వెంట వచ్చాడు. బండ ముందు కూర్చుని అరచేత్తో తుడిచి పెదవి విరిచాడు.

"ఎవురమ్మా ఇట్ల చంపినారు దీన్ని? యాడ కొట్టాల నేను? ఈ మెరుపులో గురుతే ఆనడం లేదు."

రిహానా లోపలికి పరుగెత్తి ఫిల్ము తెచ్చింది. బండ మీద పరిచి, కొన మీద కొన, వంకర మీద వంకర కలిపి, ముగ్గుపిండి చల్లి అరచేత్తో అద్దింది. మెల్లగా ఎత్తింది. నల్లటి బండ మీద తెల్లటి పులిమేక నిలిచింది. వదిలిన వంతెనల దగ్గర చిన్న చిన్న ఖాళీలు మాత్రం ఉన్నాయి. వాటిని వేలితో కలిపేసింది.

ఓబుళేశు ఉలి పెట్టాడు. టకటకమని మొదలైంది. నబీసా పక్కనే కూర్చుని బండ అంచు మీద చెయ్యి వేసి ఉంచింది. ప్రతి దెబ్బా ఆమె అరచేతికి తెలుస్తోంది. గుంట పూర్తయినప్పుడల్లా ఓబుళేశు ఊదేవాడు, ఆమె వేలు పెట్టి చూసేది. "ఇంకొంచెం" అనేది. "సాలు" అనేది.

మధ్యాహ్నానికి అతను కుడివైపు చివరి గీతకు వచ్చాడు.

"ఇది వంకర పోయింది పాపా. సరిజేసి తిన్నగా కొడతా."

"వద్దు" అన్నారు జేజి, రిహానా ఒక్కసారే.

అయినా అతను తిన్నగా ఒక దెబ్బ వేసి చూశాడు. ఉలి ఖంగుమని ఎగిరింది. అతను వేలితో తడిమి తలాడించాడు. "ఈడ రాతిలో గట్టి నరం ఉండాది. ఎవురు కొట్టినా దీన్ని తిరుక్కోనే పోవాల." వంకర వెంబడే ఉలి తిప్పాడు.

పొద్దు వాలేసరికి బండ మీద మెరుపు పోయింది. రాతిపొడితో, ముగ్గుపిండితో గరుగ్గా, మురికిగా ఉంది. నబీసా వేళ్ళు కొన నుంచి బయలుదేరాయి. ఎక్కడా ఆగలేదు. కుడివైపు దిగి, వంకర దగ్గర తిరిగి, మళ్ళీ దారిన పడ్డాయి. ఆమె మూట విప్పి మొదటి చింతగింజను గుంటలో పెట్టింది. అది నిలిచింది.

వీధివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చుంటున్నారు. రిహానా ఎదురుగా కూర్చుని మూడు గులకరాళ్ళు పెట్టింది. ఆమె కోపం ఇంకా దిగలేదు. ఆ ఫోటో, ఆ చప్పట్లు, ఆ శాలువా కళ్ళ ముందే ఉన్నాయి.

"అంత చేసి ఆయప్ప మంచోడైపోయినాడు జేజి" అంది. "అడిగేటోళ్ళే లేరు."

నబీసా రెండో మేకను పెట్టి, వేలితో దాని చుట్టూ తడుముకుంది.

"ఆ పిల్లోడు ఈడ కూచున్న పొద్దు మూడు పులులూ కదలకుండా కట్టేసినా" అంది. "ఆట గెలవనీకి చాతగాక బండనెత్తుకోని పోయినాడు. నువ్వు ఆడు."